కొండ మీద మడవ తిప్పేవాళ్ళు: అమెరికాలో ట్రైల్స్ ఎవరు బాగుచేస్తారు, అది ఎందుకు అంత తేలికైన విషయం కాదు

మా నాయన ఆరు నెలలు ఉండిపోదామని సియాటిల్ వచ్చినప్పుడు, ఇక్కడ ఎవరి అమ్మానాన్నలు వచ్చినా అందరూ చేసే పనే మేమూ చేశాం, ఒక శనివారం పులిహోర కట్టుకుని రాటిల్‌స్నేక్ లెడ్జ్ అనే కొండకి తీసుకెళ్ళాం. ఆయన నంద్యాల పక్కన కేసీ కెనాల్ కింద నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి, అందరూ చెట్ల మీదకీ చెరువు మీదకీ చూస్తూ ఎక్కుతుంటే ఆయన మాత్రం కాళ్ళ కింద నేల చూస్తూ నడిచాడు. ఒక మలుపు కాస్త ముందు ఆగిపోయి "ఇక్కడ ఎవరో మడవ తిప్పినార్రా" అన్నాడు. నాకు ఏమీ కనపడలేదు. కాలితో చూపించాడు, దారికి అడ్డంగా ఏటవాలుగా పళ్ళెం ఆకారంలో నేల కొంచెం లోతు చేసి, లోయ వైపు అంచు తెగ్గొట్టి, పైనుంచి దారెమ్మట వచ్చే వాన నీళ్ళన్నీ అక్కడ పక్కకి దిగిపోయేట్టు చేసి ఉంది. "తెలిసినోడే చేసినాడు, గవర్నమెంటోళ్ళు పెట్టిన మనిషా?" అని అడిగాడు. నేను అవును నాయనా అన్నాను. అది తప్పని ఆ ఏడు అక్టోబర్‌లో, నేనే హెల్మెట్ పెట్టుకుని వానలో అలాంటిదే ఒకటి తవ్వుతున్నప్పుడు తెలిసింది.

అప్పట్నుంచి నెలకో రెండు నెలలకో ఒకసారి ట్రైల్ పనికి, అంటే అడవిలో నడక దారులు బాగుచేసే పనికి, వెళ్తున్నాను, ఈ విషయం ఎవరితో మాట్లాడినా అవే మూడు ప్రశ్నలు వస్తాయి. ఇంత డబ్బున్న దేశంలో ఈ పని జనంతో ఊరికే ఎందుకు చేయించుకుంటున్నారు, అసలు అడవిలో దారికి రిపేర్ ఏముంటుంది, మనం వెళ్తే మనకి ఏం వస్తుంది. మూడూ న్యాయమైన ప్రశ్నలే. రెండోదానితో మొదలుపెడతా, అది అర్థమైతే మిగతావి వాటంతట అవే విడిపోతాయి.

ట్రైల్‌ని పాడుచేసేది ప్రధానంగా నీళ్ళు. మనుషుల కాళ్ళు, గుర్రాల డెక్కలు, విరిగిపడ్డ చెట్లు అన్నీ ఉంటాయి కానీ అసలు నష్టం నీళ్ళదే. కొండ వాలు మీద వాన పడితే నీళ్ళు పలచగా పరుచుకుని చెట్ల మధ్య నుంచి నిదానంగా కిందకి పోతాయి, ఆకులూ వేర్లూ వాటిని పట్టుకుంటాయి కాబట్టి నేల కోసుకుపోదు. మనం ఆ వాలుకి అడ్డంగా ఒక దారి చెక్కగానే ఆ నీళ్ళకి ఒక కాలవ దొరికినట్టే. దారిలోకి దిగిన నీళ్ళు బయటికి పోయే చోటు లేకపోతే దారెమ్మటే పరిగెత్తుతాయి, పరిగెత్తేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ మట్టి ఎత్తుకుపోతాయి, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి దారి కాస్తా మోకాలు లోతు వంక అయిపోయి రాళ్ళూ వేర్లూ తేలి ఉంటాయి. అప్పుడు మనుషులు ఏం చేస్తారు, ఆ గుంతలో నడవలేక పక్కన గడ్డి మీద నుంచి నడుస్తారు, అక్కడ ఇంకో దారి పడుతుంది, అది కూడా కోసుకుపోతుంది, ఇంకా పక్కకి జరుగుతారు. చివరికి రెండడుగుల దారి ఉండాల్సిన చోట ఇరవై అడుగుల వెడల్పు బురద.

కాబట్టి ట్రైల్ వేసేవాళ్ళు ముందు ఆలోచించేది మనిషి ఎక్కడ నడుస్తాడని కాదు, నీళ్ళు ఎక్కడ దిగిపోతాయని. మనం నడిచే భాగాన్ని ట్రెడ్ అంటారు, అది చదునుగా కనిపిస్తుంది కానీ బాగా కట్టిన ట్రెడ్ ఎప్పుడూ లోయ వైపుకి కొంచెం, అంటే నూటికి ఐదు వంతులు, వాలి ఉంటుంది. నీళ్ళు దారిలోకి వచ్చీ రాగానే అడ్డంగా దాటేసి వెళ్ళిపోవాలని ఆ వాలు. అయితే వేల మంది నడిచేసరికి మధ్యలో నేల అణిగిపోతుంది, లోయ వైపు అంచున మట్టి పేరుకుని చిన్న గట్టు లేస్తుంది, పొలం గట్టు ఎలా నీళ్ళని మడిలో ఆపుతుందో ఆ గట్టు కూడా నీళ్ళని దారిలోనే ఆపేస్తుంది. మా పనిలో సగం ఆ గట్టు కొట్టెయ్యడమే. ఇంకో పావు భాగం నాయన చూపించిన లాంటి మడవలు తవ్వడం, ఇక్కడ డ్రెయిన్ డిప్ అంటారు, కొన్ని చోట్ల రాయి గానీ దుంగ గానీ అడ్డం పాతి వాటర్ బార్ అని కడతారు. తవ్విన మట్టి మళ్ళీ అందులోకే జారకుండా దూరంగా వాలులోకి విసరాలి, నీళ్ళు బయటికి పోయే మూతి వెడల్పుగా ఉండాలి, సన్నగా ఉంటే ఒక్క శీతాకాలం ఆకులకే పూడిపోతుంది. నేను తవ్విన మొదటి దాని మూతి సన్నగా చేశాను, మా క్రూ లీడర్ ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, ఏమీ అనకుండా తన సీసాలో నీళ్ళు పైనుంచి పోసి అవి ఎలా ఆగిపోయాయో నాకు చూపించింది. ఇంకో గంట పట్టింది దాన్ని వెడల్పు చెయ్యడానికి.

ఇంకో ముఖ్యమైన సంగతి మట్టి. సియాటిల్ ఉన్న పశ్చిమ వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో పైన జానెడో మూరెడో కుళ్ళిన ఆకూ నాచూ వేర్లూ కలిసిన నల్ల మట్టి ఉంటుంది, మొక్కలకి అది బంగారం, దారికి మాత్రం పనికిరాదు, స్పాంజిలాగా నీళ్ళు పట్టుకుని నాలుగు కాళ్ళు పడగానే బురద అయిపోతుంది. దాన్నంతా తీసేసి కింద ఉన్న అసలు నేల, రాతి పొడి కలిసిన గట్టి మట్టి తగిలేదాకా తవ్వాలి. దారి మీద ఆ మట్టి చాలకపోతే, ట్రైల్ నుంచి కనపడని చోట ఒక గుంత తవ్వి బకెట్లలో మోసుకొచ్చి పోస్తాం, పనయ్యాక ఆ గుంతని కొమ్మలతో, ఆకుమట్టితో పూడ్చి అక్కడ ఎవరూ ఏమీ చెయ్యనట్టు చేసి రావాలి. మొత్తం ట్రైల్ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే, ఎంత బాగా చేస్తే అంత కనపడకుండా పోతుంది.

దారి ఎంత నిటారుగా ఉండొచ్చు అన్నది ఇంకో పెద్ద సంగతి. దీనికి ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలిసిన ఉదాహరణ మెయిల్‌బాక్స్ పీక్ అనే కొండ. పాత దారిని ఎవరూ ప్లాన్ చేసి వెయ్యలేదు, జనం నడిచి నడిచి పడింది, శిఖరానికి తిన్నగా నీళ్ళు దిగే వాలులోనే పోతుంది, 2.6 మైళ్ళలో 4,000 అడుగులు ఎక్కిస్తుంది. లెక్కేస్తే నూరడుగులకి 29 అడుగుల ఎత్తు. మనిషికి తిన్నటి దారి నీళ్ళకి కూడా తిన్నటి దారే కాబట్టి అక్కడ ఎన్ని మడవలు తిప్పినా నిలవదు, నీళ్ళని పక్కకి పంపాలంటే పక్క అనేది కిందుండాలి, వాలులోనే పోయే దారికి రెండు పక్కలూ దారి అంత ఎత్తులోనే ఉంటాయి. వేర్లు బయటపడ్డాయి, కింద పడి దెబ్బలు తగిలించుకున్నవాళ్ళు, చీకట్లో దారి తప్పినవాళ్ళు, రెస్క్యూ టీములు వెళ్ళడాలు. అందుకని రాష్ట్ర సహజ వనరుల శాఖ కొండని చుట్టుకుంటూ మలుపులు మలుపులుగా కొత్త దారి వేయించి 2014లో తెరిచింది, అందులో వాలంటీర్ల చెమట చాలా ఉంది. ఎత్తు అదే 4,000 అడుగులు, దూరం మాత్రం 4.7 మైళ్ళు, అంటే నూటికి 16. మామూలుగా సగటు 10 దరిదాపుల్లో ఉంటే దారి ఎక్కువ కాలం నిలుస్తుంది అంటారు, కొండ వాలులో సగం కంటే దారి వాలు మించకూడదనేది ఇంకో లెక్క, మెయిల్‌బాక్స్ లాంటి కొండ మీద 16కి తేవడమే గొప్ప.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ మలుపుల దగ్గర పైనుంచి కిందకి అడ్డంగా దిగి రెండు నిమిషాలు కలిసొచ్చిందనుకునేవాళ్ళు చాలామంది, అందులో మన పిల్లలూ మన పెద్దలూ ఉంటారు. ఆ అడ్డదారిలో పది మంది దిగితే గడ్డి చస్తుంది, వంద మంది దిగితే నీళ్ళకి దారి దొరుకుతుంది, ఆ ఒక్క చోట నీళ్ళు రెండు అంతస్తుల దారినీ కోసేస్తాయి. నేను ఒక ఆదివారం మొత్తం అలాంటి అడ్డదారి ఒకటి మూస్తూ గడిపాను, ఎండు దుంగలు లాక్కొచ్చి అడ్డం వేసి, ఫెర్న్ మొక్కలు తెచ్చి నాటి, రాళ్ళు పాతి. నెల తర్వాత వెళ్ళి చూస్తే దుంగల పక్క నుంచి ఇంకో అడుగుల జాడ పడి ఉంది, నిజంగా బాధేసింది.

మెట్లు కట్టేస్తే పోలా అని మనకి అనిపిస్తుంది, ఎందుకంటే మనకి కొండ అంటే మెట్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388, ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చిన్నప్పుడు చదువుకున్నాం. అన్ని వేల పాదాలు రోజూ పడే చోట రాయి తప్ప ఇంకేదీ నిలవదు, అది సరైన పద్ధతే. అడవి దారిలో కూడా మరీ నిటారుగా ఉన్న చోట రాతి మెట్లూ చెక్క మెట్లూ పెడతాం, కానీ మెట్టు ఎత్తు కొంచెం ఎక్కువైతే జనం దాన్ని తప్పించుకుని పక్క నుంచి నడుస్తారు, పక్కన మట్టి పోతుంది, మెట్టు ఒంటరిగా గాల్లో మిగిలిపోతుంది. అందుకే ఒక్క మెట్టు పెట్టడానికి ఇద్దరు మనుషులకి పూట పడుతుంది, రాయిలో మూడో వంతో సగమో నేలలో ఉండాలి, కదలకూడదు, పక్కన నడిచే వీలు లేకుండా రాళ్ళు పేర్చాలి.

సరే, పని రోజు ఎలా ఉంటుందో. నేను వెళ్ళేది వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ వాళ్ళతో, 1966లో లూయిస్ మార్షల్ అనే ఆవిడ హైకర్ల కోసం మొదలుపెట్టిన పత్రిక నుంచి పుట్టిన సంస్థ ఇది, వాలంటీర్లతో ట్రైల్ పని 1993లో మొదలుపెట్టారు, ఇప్పుడు ఏడాదికి లక్ష గంటల పైనే పని జరుగుతుంది. వెబ్‌సైట్‌లో తేదీ చూసుకుని పేరు రాసుకోవడమే, అనుభవం అక్కర్లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి ట్రైల్‌హెడ్ దగ్గర, అంటే దారి మొదలయ్యే చోట, కలుస్తాం, ఫుల్ ప్యాంటు, గట్టి బూట్లు, వాన కోటు, అన్నం మనదే తెచ్చుకోవాలి, నేను ఎప్పుడూ చపాతీ చుట్ట గానీ పెరుగన్నం గానీ పట్టుకెళ్తా. హెల్మెట్, గ్లవ్స్, పనిముట్లు వాళ్ళవి. ఆకుపచ్చ హెల్మెట్ అయితే మనలాంటి వాలంటీర్, నారింజ రంగైతే అసిస్టెంట్ క్రూ లీడర్, నీలం అయితే క్రూ లీడర్. ఐదు రోజులు పని చేస్తే మన పేరు రాసిన హెల్మెట్ ఇస్తారు, నాది మా హాల్లో దేవుడి పటాల పక్క అల్మారాలో ఉంది.

పనిముట్లు చూస్తే మనవాళ్ళకి పరాయిగా ఏమీ అనిపించవు. గ్రబ్ హో అంటే మన సలికె పార లాంటిదే, కాకపోతే బరువు. రాక్ బార్ అంటే అచ్చంగా గడ్డపార. మెక్లౌడ్ అనేదానికి ఒక పక్క పళ్ళ దంతె, ఇంకో పక్క వెడల్పు పార. అన్నిట్లోకీ పేరున్నది పులాస్కీ, ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క వడ్లోళ్ళ బాడిశ లాంటి అంచు, వేరు తెగ్గొట్టడానికీ మట్టి తవ్వడానికీ ఒకటే కర్ర. దానికి ఆ పేరు ఎడ్ పులాస్కీ అనే రేంజర్ వల్ల వచ్చింది. 1910 ఆగస్టులో ఐడహో, మొంటానా వైపు రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాల అడవి తగలబడినప్పుడు, వాలెస్ ఊరి దగ్గర మంటల్లో చిక్కుకున్న తన మనుషుల్ని ఒక పాత గని సొరంగంలోకి తీసుకెళ్ళి, బయటికి పరిగెత్తబోయినవాళ్ళని ఆపి చాలామందిని బతికించాడు. ఆయన ఈ పనిముట్టుని అడవి పనికి తగ్గట్టు తయారుచేసి వాడకంలోకి తెచ్చాడు, ఇవాళ్టికీ అమెరికాలో ట్రైల్ పని అన్నా అడవి మంటలన్నా ముందు గుర్తొచ్చేది అదే.

పనికి ముందు పావుగంట జాగ్రత్తలు చెప్తారు, ప్రతిసారీ, వందసార్లు విన్నవాళ్ళకి కూడా. పనిముట్టు భుజం మీద పెట్టుకోకూడదు, లోయ వైపు చేతిలో పదును కిందకి ఉండేట్టు పట్టుకోవాలి, జారితే దాన్ని లోయలోకి విసిరేసేట్టు. మనిషికీ మనిషికీ పదడుగుల దూరం. హైకర్లు వస్తుంటే అందరూ పని ఆపాలి. ముందు క్షేమం, తర్వాత సరదా, ఆ తర్వాతే పని అనేది వాళ్ళ వరస, మధ్యాహ్నం అలిసిపోతున్నారనగానే క్రూ లీడర్ చాక్లెట్లు పట్టుకుని తిరుగుతుంది. బరువు మొయ్యలేనివాళ్ళకి లాపర్స్, అంటే పొడుగు పిడుల కత్తెర, ఇచ్చి కొమ్మలు కత్తిరించమంటారు, అది కూడా ఊరికే కాదు, కొమ్మని మొదలు దాకా కొయ్యాలి, సగంలో కోస్తే ఎవరైనా దాని మీద పడితే బల్లెంలా గుచ్చుకుంటుంది, కోసినవి కోసిన చివర దారి నుంచి కనపడకుండా తిప్పి పడెయ్యాలి.

ఇప్పుడు, ఎవరిది ఈ నేల? ట్రైల్ దగ్గర బండి పెట్టుకోవడానికి కొనే పాస్‌ల గందరగోళం కూడా దీనితోనే తీరుతుంది. ఒకే హైవే మీద వరసగా ఉన్న ట్రైల్స్ నాలుగు వేరే వేరే యజమానులవి. రాటిల్‌స్నేక్ లెడ్జ్ సియాటిల్‌కి తాగునీళ్ళిచ్చే సెడార్ రివర్ ప్రాంతంలో, నగరం ఆధీనంలో ఉంది, పాస్ అక్కర్లేదు. కూగర్ మౌంటెన్ కింగ్ కౌంటీది, దానికీ అక్కర్లేదు. మౌంట్ సై, మెయిల్‌బాక్స్ రాష్ట్రానివి, డిస్కవర్ పాస్ కావాలి. స్నోక్వాల్మీ పాస్ దగ్గర స్నో లేక్ ఫెడరల్ ప్రభుత్వపు నేషనల్ ఫారెస్ట్‌లో ఉంది, నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి. మౌంట్ రెయినియర్ మళ్ళీ నేషనల్ పార్క్, అది ఇంకో శాఖ. ఒక్కో యజమానికి ఒక్కో బడ్జెట్, ఒక్కో రూలు, ఒక్కో ఇంజనీరు. వాలంటీర్ సంస్థ వీళ్ళందరితో ఒప్పందాలు రాసుకుంటుంది, ఏ ట్రైల్‌లో ఏం చెయ్యాలో చెప్పేది ఆ నేల చూసుకునే శాఖ, మనుషుల్ని తెచ్చి చేయించేది సంస్థ. "మనకి ఏం వస్తుంది" అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది, రెండు రోజులు ట్రైల్ పని చేస్తే ఏడాది నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ ఇస్తారు, రాష్ట్ర భూముల్లో 24 గంటల వాలంటీర్ పని చేసినవాళ్ళకి డిస్కవర్ పాస్ ఉచితం. పాస్ కోసమే వచ్చి తర్వాత మానలేకపోయినవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

ఇక జనంతో ఎందుకు చేయించుకుంటున్నారు అన్నది. నిజానికి వరస తిరగబడి ఉంది, ఇక్కడ చాలా ట్రైల్స్‌ని ముందు జనమే మొదలుపెట్టారు, ప్రభుత్వం తర్వాత వచ్చింది. తూర్పు అమెరికా కొండల వెంట సాగే అపలాచియన్ ట్రైల్‌నే తీసుకోండి, 1921లో బెంటన్ మకాయ్ అనే అటవీ నిపుణుడు ఒక వ్యాసంలో ఆ ఆలోచన పెట్టాడు, హైకింగ్ క్లబ్బులవాళ్ళు శని ఆదివారాలు వెళ్ళి ముక్కలు ముక్కలుగా వేశారు. న్యూజెర్సీ, న్యూయార్క్ తెలుగువాళ్ళు వేసవిలో బేర్ మౌంటెన్ వెళ్తుంటారు కదా, దాని మొదటి ముక్క 1923లో అక్కడే తెరిచారు. 1937కి మొత్తం పూర్తయింది, 14 రాష్ట్రాల మీదుగా ఇప్పుడు దాదాపు 2,200 మైళ్ళు, జాతీయ ట్రైల్‌గా చట్టపరమైన హోదా వచ్చింది మాత్రం 1968లో. ఇప్పటికీ దాన్ని ముప్పై దాకా క్లబ్బులు పంచుకుని చూసుకుంటున్నాయి, ఒక్కో వాలంటీర్‌కి ఒక మైలో రెండు మైళ్ళో అప్పగిస్తారు, ఏళ్ళ తరబడి ఆ ముక్క వాళ్ళదే. తెల్ల రంగుతో రెండంగుళాల వెడల్పు ఆరంగుళాల పొడవు గుర్తులు చెట్ల మీద వేసేది కూడా వాళ్ళే.

మధ్యలో ప్రభుత్వం డబ్బులిచ్చి భారీగా చేయించిన కాలం కూడా ఉంది. మాంద్యం రోజుల్లో, 1933 నుంచి 1942 దాకా, సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అని పెట్టి దాదాపు 30 లక్షల మంది కుర్రాళ్ళకి జీతాలిచ్చి అడవుల్లో చెట్లు నాటించారు, రోడ్లూ వంతెనలూ ట్రైల్సూ వేయించారు. కట్టడానికి డబ్బు దొరికింది, చూసుకోవడానికి దొరకలేదు. మన దగ్గర చెరువులు చూడండి, తవ్వించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, ఏటా పూడిక తీసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు, తియ్యడం మానేస్తే చెరువే ఉండదు.

ఆ లోటు ఎంతో చెప్పే లెక్క ఒకటుంది. ఫెడరల్ ఖర్చుల్ని తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2013లో రిపోర్ట్ ఇచ్చింది, ఫారెస్ట్ సర్వీస్ చేతిలో 1,58,000 మైళ్ళ ట్రైల్స్ ఉంటే అందులో ఆ శాఖ పెట్టుకున్న ప్రమాణాలకి సరిపోయేవి నాలుగో వంతే అని, పేరుకుపోయిన రిపేర్ పని విలువ 31.4 కోట్ల డాలర్లని. 2016లో ఇక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఒక చట్టం చేసి వాలంటీర్లూ భాగస్వామ్య సంస్థలూ చేసే ట్రైల్ పనిని బాగా పెంచమని ఫారెస్ట్ సర్వీస్‌కి చెప్పింది. వాలంటీర్లని ఫెడరల్ శాఖలు అధికారికంగా తీసుకోవడానికి నేషనల్ పార్కులకి 1970లో, నేషనల్ ఫారెస్టులకి 1972లో చట్టాలు వచ్చాయి, వాటి ప్రకారం పని చేస్తూ దెబ్బ తగిలితే వాలంటీర్‌ని ఆ విషయం వరకు ఫెడరల్ ఉద్యోగిలాగే చూస్తారు, వైద్యం ఖర్చుల దగ్గర దిక్కులేనివాడు కాడు. ఇన్సూరెన్స్ లేకుండా ఈ దేశంలో వేలు కోసుకున్నా ఎంత అవుతుందో తెలిసినవాళ్ళకి ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

వాలంటీర్ పని ఉచితం అని అనుకోవడం దగ్గరే నాకు తెలిసి అందరూ పొరబడతారు. మేం పన్నెండు మంది ఒక రోజు పని చెయ్యాలంటే, అంతకుముందు ఎవరో జీతం తీసుకునే మనిషి ఆ ట్రైల్ మొత్తం నడిచి ఎక్కడ ఏం చెయ్యాలో జెండాలు కట్టి ఉండాలి, శాఖ వాళ్ళు అనుమతి ఇవ్వాలి, కొత్త దారైతే పర్యావరణ పరిశీలన జరగాలి, పనిముట్లకి సాన పట్టాలి, వ్యాన్‌లో తేవాలి, లీడర్లకి శిక్షణ ఇవ్వాలి. జీతగాళ్ళు లేకపోతే వాలంటీర్లు కూడా ఉండరు. ఇంకో సంగతి, మేం పొద్దున్నా సాయంత్రం సంతకం పెట్టి గంటలు రాస్తాం, నేను మొదట్లో అదేదో హాజరు అనుకున్నాను. కాదు, ఆ గంటలకి డాలర్లలో విలువ కడతారు. రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్ లాంటి గ్రాంట్లలో అడిగేవాళ్ళు తమ వాటాగా కొంత పెట్టాలి, ఆ వాటాని డబ్బుగానే పెట్టక్కర్లేదు, వాలంటీర్ల గంటలు చూపించొచ్చు. అంటే నేను వానలో తవ్విన ఆరు గంటలు కాగితం మీద డబ్బై, ఇంకెక్కడో వంతెనకి కావాల్సిన కలపని తెస్తాయి. అందుకే వెళ్ళినప్పుడు సంతకం పెట్టకుండా వచ్చెయ్యకండి, సిగ్గుపడి వదిలేసే మనవాళ్ళు ఉన్నారు.

2025 ఫిబ్రవరిలో ఫారెస్ట్ సర్వీస్‌లో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగుల్ని వేలల్లో తీసేసినప్పుడు, కొంతమందిని తర్వాత వెనక్కి పిలిచినా, చాలామంది నాతో అన్న మాట "మీ వాలంటీర్లు ఉన్నారుగా" అని. నాకు ఆ మాట వింటే కడుపు మండుతుంది. వాలంటీర్ శనివారం వస్తాడు, పెద్ద తుఫాను వచ్చి బ్రిడ్జి కొట్టుకుపోతే మంగళవారం పొద్దున రావాల్సింది జీతం ఉన్న మనిషే. ఊళ్ళో బడి గోడకి అందరం కలిసి సున్నం వేస్తాం, అంతమాత్రాన బడికి టీచర్ అక్కర్లేదని కాదు కదా.

అడవి లోపలికి, అంటే రోడ్డుకి దూరంగా పోయేకొద్దీ పని ఇంకా కష్టమవుతుంది, దానికి ఒక చట్టం కారణం. 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రకటించిన అడవుల్లో మోటారుతో నడిచేదేదీ వాడకూడదు, చైన్‌సా కూడా. స్నో లేక్ దారి కూడా పైకి వెళ్ళాక 1976లో ప్రకటించిన ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌లోకి పోతుంది. అక్కడ దారికి అడ్డంగా మూడడుగుల మందం ఉన్న డగ్లస్ ఫర్ చెట్టు పడితే దాన్ని ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకుని లాగే పాతకాలపు రంపంతో కొయ్యాలి. ఆ రంపం పట్టుకోవాలంటే శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ ఉండాలి, ఎందుకంటే పడ్డ చెట్టు ఎక్కడ బిగుసుకుని ఉందో ఎటు విరుచుకుపడుతుందో చూడటం రానివాడు ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు. నేను సర్టిఫికెట్ లేక పక్కన, రంపం బిగుసుకుపోకుండా కోతలో కొట్టే వెడ్జ్‌లు అందిస్తూ చూశాను. ఒకటే సూత్రం, లాగాలి, నెట్టకూడదు. నువ్వు లాగుతున్నప్పుడు అవతలివాడు చెయ్యి వదులు చెయ్యాలి, వాడు లాగుతున్నప్పుడు నువ్వు. ఆ లయ కుదిరాక రంపం పాడుతుంది, పొట్టు దారాల్లా రాలుతుంది. మా ఊళ్ళో కోత మిషన్లు రాకముందు దుంగలు కోసే రంపపు కోతవాళ్ళు అచ్చం ఇలాగే ఒకళ్ళు పైన ఒకళ్ళు కింద ఉండి కోసేవాళ్ళు, నాయనకి వీడియో పంపితే ఆయన వెంటనే వాళ్ళ పేర్లు చెప్పాడు.

ఇంత చదివాక ఎవరికైనా పార తీసుకుని దగ్గర్లోని ట్రైల్‌కి సొంతంగా వెళ్ళి బాగుచేద్దామనిపిస్తే దయచేసి వద్దు. శాఖ అనుమతి లేకుండా తవ్వడం, కొమ్మలు కొట్టడం, కొత్త దారి వెయ్యడం ఇక్కడ నేరం, పైగా మడవ తప్పు చోట తిప్పితే నీళ్ళు తీసుకెళ్ళి ఒక వాగులో, చేపలు గుడ్లు పెట్టే చోట, మట్టి పోస్తాయి. చెట్టు పడి ఉంటే ఎన్నో మైలు దగ్గర, ఎంత మందం అని రాసుకుని ఫోటో తీసి రేంజర్ స్టేషన్‌కి పంపండి, రంపం ఎంత పొడవుది తేవాలో వాళ్ళకి దానివల్లే తెలుస్తుంది.

ఇండియాలో కూడా ఇలా చెయ్యొచ్చుగా అని అడుగుతారు. మా నల్లమలలో ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు, వెంకటాపురం, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచే దారి ఉంది, ఎన్ని వందల ఏళ్ళదో. కానీ అది పులుల అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడమే కుదరదు, ఇక తవ్వడం ఎక్కడిది. ఆ అడవి దారులు బాగా తెలిసిన చెంచులనే అటవీ శాఖ కాపలాకి పెట్టుకుంటుంది. అక్కడ ఏదైనా జరిగితే అది వాళ్ళకి జీతమిచ్చి, వాళ్ళు చెప్పినట్టు జరగాలి అని నా అభిప్రాయం, పట్నం నుంచి మనం గ్లవ్స్ వేసుకుని వెళ్ళడం కాదు. అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి అక్కడ పెట్టలేం.

నవంబర్‌లో మూడు రోజులు వదలకుండా వాన పడ్డాక, నేను తవ్విన ఆ మొదటి డ్రెయిన్ ఎలా ఉందో చూద్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. ట్రైల్ మీద ఎవరూ లేరు. పైన మలుపు నుంచి నీళ్ళు దారెమ్మట దిగుతూ వచ్చి నా మడవ దగ్గర ఆగి ఉన్నాయి, మూతి నిండా మేపుల్ ఆకులు. బూటు మడమతో ఆకులు పక్కకి తోసేశాను. నీళ్ళు ఒక్క క్షణం తిరిగి, అంచు దాటి ఫెర్న్ మొక్కల్లోకి దిగిపోయాయి, దానికి దిగువన దారి పొడిగా ఉంది. ఫోన్ తీసి వీడియో చేసి నాయనకి పంపాను. నంద్యాలలో అప్పుడు తెల్లారుజామున నాలుగు, ఆయన లేచే ఉంటాడు, వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది, "మూతి ఇంకో జానెడు ఎడల్పు చెయ్ రా."